బరంపురం నుంచి న్యూజెర్సీ వచ్చే పిల్లాడికి రోడ్డు సంగతులు

మొన్న ఒడిశాలోని మా బరంపురంలో పాత బస్టాండు దగ్గర రోడ్డు దాటలేక పది నిమిషాలు నిలబడిపోయాను. పుట్టి పెరిగిన ఊరు. ఒక చేత్తో సైకిలు హ్యాండిలు, ఇంకో చేత్తో గొడుగు పట్టుకుని ఇదే రోడ్డు మీద కాలేజీకి పోయినవాణ్ణి. పందొమ్మిదేళ్లు న్యూజెర్సీలో ఉండేసరికి, బండి ఆగాక అడుగు వేద్దామని చూస్తూ నిలబడటం అలవాటైపోయింది. ఇక్కడ ఏ బండీ ఆగదు కదా. చివరికి అప్పడాల గంప నెత్తిన పెట్టుకున్న ఒక ముసలమ్మ నా చెయ్యి పట్టుకుంది. "రా నాయనా, ఎంతసేపలా నిల్చుంటావు" అంటూ బస్సు వైపు అరచెయ్యి చూపించి నడిచేసింది. బస్సు వంక చూడనైనా లేదు. బస్సు కాస్త నెమ్మదించింది, ఆటో మా వెనక నుంచి పోయింది, ఒక బైకు మా ముందు నుంచి పోయింది. అవతలికి చేర్చాక "ఏ ఊరు బాబూ మీది?" అని అడిగింది. ఈ ఊరేనని చెప్పడానికి సిగ్గేసింది.

ఆ సాయంత్రమే మా మావయ్య ఇంటి అరుగు మీద పంచాయితీ. పక్కింటి అబ్బాయి ఆగస్టులో ఎమ్మెస్‌కి న్యూజెర్సీ వస్తున్నాడు. వాళ్లమ్మకి వాడి తిండి గురించి బెంగ. వాడికేమో కారు కొనాలని తొందర. "ఇంటర్నేషనల్ లైసెన్సు తీసుకుంటే చాలు కదా అంకుల్?" అన్నాడు. పర్లాకిమిడి నుంచి, రాయగడ నుంచి మా బంధువుల పిల్లలు ఫోన్లో అడిగేదీ ఇదే. వాడికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

ఆ ఇంటర్నేషనల్ పర్మిట్టు లైసెన్సు కాదు, మన లైసెన్సుకి తర్జుమా లాంటిది. ఆర్టీఓ ఆఫీసులో ఇస్తారు, ఏడాది చెల్లుతుంది. పక్కన అసలు లైసెన్సు లేకపోతే అది ఉత్త కాగితం. న్యూజెర్సీలో కాపురం పెట్టినవాళ్లు 60 రోజుల్లోపు అక్కడి లైసెన్సుకి మారాలి. రాత పరీక్షలో 50 ప్రశ్నలు, 40 కరెక్టుగా రాయాలి. ఇంజనీరింగ్ చదివినవాడికి అది లెక్కలోది కాదు. చిక్కంతా వేరే ఉంది. వీడు ఆరేళ్లుగా స్కూటీ నడుపుతున్నాడు గానీ, కారు నేర్చుకున్నది ఇరవై రోజులు, అదీ పక్కన కూర్చున్న మాస్టారి కాలికింద ఇంకో బ్రేకు ఉన్న కారులో. మరి ఆ బ్రేకు లేని కారు ఎప్పుడైనా నడిపావా అంటే నవ్వేశాడు. ఉన్న ఈ రెండు నెలల్లో గోపాల్‌పూర్ దాకా రోజూ పొద్దున్నే నడిపి రమ్మన్నాను, పక్కన వాళ్ల నాన్నని కూర్చోబెట్టుకుని.

అక్కడ స్టీరింగు ఎడమ పక్క, నడిచేది కుడి పక్క. మొదటి నెలంతా నా ఎడమ చెయ్యి గేరు కోసం తలుపుని తడుముతూనే ఉంది. మలుపు తిరిగినప్పుడల్లా ఇండికేటరు బదులు వైపర్లు వేసేవాణ్ణి. ఎండలో అద్దం తుడుచుకుంటూ పోయే కారు కనిపిస్తే కొత్తగా వచ్చినవాడని ఇప్పటికీ పోల్చుకుంటాను. ఇవి నెల రోజుల్లో పోతాయి. పోనిది ఇంకోటుంది.

మన ఊళ్లో రోడ్డు మీద బేరం నడుస్తుంది. నువ్వు వాడి కళ్లలోకి చూస్తావు, వాడు హారన్ కొడతాడు, నువ్వు చెయ్యి చూపిస్తావు, ఎవడో ఒకడు తగ్గుతాడు. ఆ ముసలమ్మ చేసిందదే. అక్కడ ఆ బేరం లేదు. వంతు ఎవరిదో బోర్డు చెబుతుంది, నేల మీది గీత చెబుతుంది. వంతు ఉన్నవాడు నిన్ను చూడను కూడా చూడడు, తన వంతు కదా అని వచ్చేస్తాడు. వాడెలాగూ తగ్గుతాడులే అనే మన నమ్మకమే అక్కడ ప్రాణం మీదికి తెచ్చేది.

అన్నిటికన్నా ముందు స్టాప్ బోర్డు గురించి చెప్పాలి. ఎర్రది, ఎనిమిది మూలలుంటాయి. అక్కడ ఆగడమంటే చక్రం పూర్తిగా ఆగాలి. రోడ్డు ఖాళీగా ఉన్నా, అర్ధరాత్రయినా, గీతకి ఇవతలే. నాలుగు వైపులా బోర్డు ఉన్న కూడలిలో ముందు వచ్చినవాడిది ముందు వంతు. ఇద్దరూ ఒకేసారి వస్తే కుడి పక్కవాడిది. నేను వెళ్లిన మొదటి ఏడాది, ఒక ఆదివారం పొద్దున, పిట్ట కూడా లేని కూడలిలో కాస్త నెమ్మదించి పోనిచ్చాను. ఎక్కణ్ణుంచి వచ్చాడో, వెనకాల ఎర్ర నీలం లైట్లు. నేనేం చేశాను? మన గేట్ బజార్లో ఎలా చేస్తామో అలాగే, పక్కకి ఆపి, తలుపు తీసుకుని దిగి, జేబులో లైసెన్సు వెతుక్కుంటూ, మొహాన నవ్వు పులుముకుని ఆయన కారు వైపు నడిచాను. ఇక్కడ పోలీసు ఆపితే బండి మీదే కూర్చుని మాట్లాడటం పొగరు. దిగి ఒడియాలో "ఆజ్ఞా", అంటే అయ్యా, అనడం మర్యాద. అక్కడ ఆయన గట్టిగా ఒక కేక వేశాడు. చెయ్యి నడుం దగ్గరికి పోయింది. జేబులో చెయ్యి పెట్టుకుని తన మీదికి వస్తున్నవాడు ఆయన కంటికి ఎలా కనిపిస్తాడో ఆ క్షణంలో అర్థమైంది. కాళ్లు వణికాయి.

కాబట్టి పోలీసు ఆపితే కుడి పక్కకి తీసి ఆపు. దిగకు. అద్దం దించు, రెండు చేతులూ స్టీరింగు మీద కనిపించేలా పెట్టు, అడిగాక, చెప్పి మరీ కాగితాలు తియ్యి. బతిమాలడం, వందో రెండొందలో అనడం కలలో కూడా వద్దు, అది ఇంకో నేరం. నాకు చలానా పడింది, తప్పుల లెక్కగా లైసెన్సు మీద 2 పాయింట్లు ఎక్కాయి, ఇన్సూరెన్సు పెరిగింది. చలానా కట్టింది ఒక్కసారే, ఇన్సూరెన్సు మాత్రం ఏళ్ల తరబడి కట్టాను.

పసుపుపచ్చ స్కూలు బస్సు ఎర్ర లైట్లు కొడుతూ ఆగిందంటే కనీసం 25 అడుగుల దూరంలో ఆగాలి. ఎదురుగా వచ్చేవాడు కూడా. మధ్యలో డివైడరు ఉంటే న్యూజెర్సీలో అవతలి వాడు గంటకి 10 మైళ్లకి తగ్గి పోవచ్చు. ఆగకపోతే 5 పాయింట్లు. ఇది చెబుతుంటే వీధిలో ఒక స్కూలు ఆటో వెళ్లింది. బ్యాగులు బయట వేలాడుతున్నాయి, డ్రైవరుకి అటొకడు ఇటొకడు పిల్లలు. వాళ్లమ్మ ఆటో వంకా నా వంకా చూసి ఏమీ అనలేదు.

తాగి నడిపే సంగతి వాళ్లమ్మ ఎదురుగా ఎత్తడం ఇష్టం లేక వాడొక్కణ్ణి వీధి చివరిదాకా తీసుకెళ్లి చెప్పాను. చదువుకునే వీసా మీద ఉన్నవాడిని తాగి నడిపినందుకు అరెస్టు చేస్తే, కోర్టులో కేసు తేలకముందే వీసా రద్దు కావచ్చు. ఆ తర్వాత ఇంటికొస్తే మళ్లీ వెళ్లడానికి కొత్త వీసా అడుక్కోవాలి. "రెండు బీర్లేగా" అన్నది అక్కడ చెల్లదు.

ఇక మనవాళ్ల మధ్య బతుకు. నలుగురు కుర్రాళ్లు ఒక అపార్ట్‌మెంట్లో ఉంటే ఒకడి కారు ఊరుమ్మడి ఆవు అవుతుంది. కిరాణాకి, గుడికి, ఎయిర్‌పోర్టుకి, ఇంకెవరిదో సోఫా తేవడానికి. తప్పులేదు, నన్నూ మొదటి ఆర్నెల్లు ఒక విజయనగరం అన్న అలాగే తిప్పాడు. కానీ తాళం అడిగితే ఇచ్చేసే ముందు నీ ఇన్సూరెన్సు కాగితంలో ఎవరి పేర్లున్నాయో చూసుకో. వాడు గుద్దితే ముందు చుట్టుకునేది నీ పాలసీకే. లైసెన్సు లేనివాడికి, లెర్నర్ పర్మిట్టు మీద నేర్చుకునేవాడికి ఖాళీ పార్కింగ్‌లో నేర్పడం వేరు, తాళం చేతిలో పెట్టడం వేరు. ఈ ఒక్క విషయంలో మొహమాటపడకు. అలాగే లిఫ్టు తీసుకున్నవాడు పెట్రోలుకి ఇవ్వాలి. అడగరు, కానీ గుర్తుపెట్టుకుంటారు.

నాకు నిజంగా భయమేసేది శుక్రవారం రాత్రి ప్రయాణాలు. వారమంతా రెండు గంటల దాకా ప్రాజెక్టులు, శుక్రవారం సాయంత్రం ఉద్యోగం, రాత్రి పదింటికి ఐదుగురు ఎక్కి నయాగరా. ఆరేడు గంటల దారి. నున్నటి రోడ్డు, మలుపు లేదు, హారన్ లేదు, ఆవు అడ్డురాదు. మన 16వ నంబరు హైవే మీద నిద్రపోవాలన్నా ఆ గోతులు పోనివ్వవు. అక్కడి రోడ్డు జోలపాడుతుంది. పొద్దున బయల్దేరండి. లేదా దారిలో గది తీసుకోండి, ఐదుగురు పంచుకుంటే ఎంతవుతుంది?

వీడి అమ్మానాన్నలు కూడా వస్తారు, ఏదో ఒక రోజు. పెద్దవాళ్లు వచ్చాక ఇల్లంతా పగలు ఖాళీ, సాయంత్రం నడకొక్కటే వాళ్లకి కాలక్షేపం. డిసెంబర్లో నాలుగున్నరకే పొద్దు గుంకుతుంది. మా అమ్మ నల్ల కోటు మీద ముదురు గోధుమరంగు శాలువా కప్పుకుని రోడ్డు పక్కన నడుస్తుంటే, ఆఫీసు నుంచి వస్తూ నేనే, కన్నకొడుకునే, పది గజాల దూరం వచ్చేదాకా చూడలేదు. ఆ రాత్రి అన్నం సహించలేదు. కాలిబాట లేని రోడ్లు అక్కడ చాలా ఉన్నాయి. అలాంటిచోట రోడ్డుకి ఎడమ వైపు, ఎదురొచ్చే బండ్లు కనిపించేలా నడవాలి. మెరిసే పట్టీ ఉన్న చొక్కా పైన వేసుకోవాలి. సిగ్నల్ దగ్గర స్తంభానికున్న బటను నొక్కి, మనిషి బొమ్మ తెల్లగా వెలిగేదాకా ఆగాలి.

న్యూజెర్సీలో గీతల మీద దాటే మనిషికి బండి ఆగి తీరాలని 2010 నుంచి చట్టం. అది ఉంది కదా అని కళ్లు మూసుకుని దిగకూడదు. చాలాచోట్ల ఎర్ర లైటున్నా ఆగి, చూసి, కుడికి తిరగొచ్చు. అలా తిరిగేవాడు ఎడమ నుంచి వచ్చే కార్లనే చూస్తుంటాడు, కుడి పక్కన గీత మీదికి దిగిన మనిషిని చూడడు. అందుకని వాడి మొహం మనవైపు తిరిగిందాకా ఆగమని మా అమ్మకి చెప్పాను. ఆమెకి ఇదొక్కటే సులువుగా ఎక్కింది. బరంపురంలో జీవితమంతా చేసింది అదే మరి.

ఇక్కడ బండి గుద్దుకుంటే నిమిషంలో యాభైమంది పోగవుతారు. సగంమంది కొట్టడానికి, సగంమంది ఎత్తుకెళ్లడానికి. ఎత్తుకెళ్లినవాళ్లని కేసుల్లో ఇరికించకుండా 2019లో మోటారు వాహనాల చట్టంలో రక్షణ కూడా పెట్టారు. అక్కడ గుంపు చేరదు. ఎవరైనా ఆగి అక్కడి అత్యవసర నంబరు 911కి ఫోన్ చేస్తారు, అంతే. దెబ్బ తగిలినవాణ్ణి నువ్వు లేపకూడదు. చిన్న గీత పడ్డా వదిలేసి పోవడం నేరం. చేతిలో డబ్బు పెట్టి అక్కడికక్కడే తేల్చుకుందామన్నా కుదరదు, ఇన్సూరెన్సు వివరాలు ఇచ్చిపుచ్చుకోవాలి, ఫొటోలు తీసుకోవాలి. ఆ తర్వాత వణుకుతూ రోడ్డు పక్కన కూర్చుంటావు చూడు, అప్పుడు పిలవడానికి ఒక్క మనిషైనా ఉండాలి. పక్క ఫ్లాటు తెలుగువాళ్లతో, అక్కడి ఒడియావాళ్లతో కూడా ముందే పరిచయం పెంచుకోమన్నాను. రెండు భాషలొచ్చిన బరంపురం వాడికి రెండు పందిళ్లలోనూ విస్తరి ఉంటుంది.

ఇంతలో మావయ్య స్కూటరు బయటికి తీశాడు. హెల్మెట్ లేదు. ఇదంతా చెప్పి ఇప్పుడు ఊరుకుంటే ఎలా అని వెనకాల కూర్చోనన్నాను. "గేట్ బజారు దాకానే రా, ఎవడు పెట్టుకుంటాడు" అన్నాడు. చివరికి అటక మీంచి రెండు తీశాడు, ఒకదాంట్లో ఎండిన అల్లం ముక్కలున్నాయి.

మేం వచ్చేసరికి పక్కింటావిడ అరుగు మీదే ఉంది. ఒళ్లో సామాన్ల జాబితా కాగితం. "అన్నయ్యా, చీకటి నాలుగున్నరకే అన్నారు కదా" అంటూ, ఆవకాయ కింద, ఉలవపొడి పక్కన, టార్చిలైటు అని రాసుకుంది.