షేర్‌పాయింట్ (ఆఫీసు ఫైళ్లూ లిస్టులూ అందరూ పంచుకునే మైక్రోసాఫ్ట్ సాఫ్ట్‌వేర్) పాత వెర్షన్ నుంచి కొత్తదానికి మారితే ఉద్యోగుల పర్మిషన్లు అలాగే ఉంటాయా? కొత్తగా ఏ ఫీచర్లు వస్తాయి?

ఉంటాయండి. పాత సైట్లలో ఎవరికి ఏముందో అది అలాగే వస్తుంది. కొత్త వెర్షన్‌లోకి వెళ్లాక మీరు కొత్తగా తెరిచే సైట్ల సంగతే వేరు. మా కొంప మునిగింది అక్కడే కాబట్టి, మీరడిగింది ఫీచర్ల గురించే అయినా ముందు ఆ ముచ్చట చెప్పేస్తాను.

నేను భీమవరం దగ్గర ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో సిస్టమ్స్ చూసేవాణ్ణి. చూడడమంటే, ప్రింటర్లో ఇరుక్కున్న కాగితం లాగడం దగ్గర్నుంచి సర్వర్ దాకా అన్నిటికీ నేనొక్కణ్ణే. 2012లో షేర్‌పాయింట్ ఫౌండేషన్ 2010, అంటే దాని ఉచిత రకం, పెట్టాం. విండోస్ సర్వర్ ఉంటే చాలు, దానికి విడిగా డబ్బు కట్టక్కర్లేదు. మా ఎండీ గారికి అందులో నచ్చిన ఫీచరు అదొక్కటే. చెరువుల దగ్గర్నుంచి వచ్చే ప్రతి లోడుకూ లాట్ నంబరు, చెరువు కోడు, కౌంటు (కిలోకి ఎన్ని రొయ్యలో), బరువు, ల్యాబు రిపోర్టు అందులో ఎక్కించేవాళ్లం. ఈ అయిదింటిలో ప్రాణం చెరువు కోడు. రేపు ఏ పెట్టెలోనో నిషేధించిన యాంటీబయాటిక్ మందులు క్లోరాంఫెనికాల్ జాడో, నైట్రోఫ్యూరాన్ జాడో బయటపడితే, ఆ సరుకు ఏ చెరువుదో వేలెట్టి చూపించాలి. చూపించలేకపోతే యూరప్ కొనుగోలుదారు ఆ ఒక్క పెట్టెతో సరిపెట్టుకోడు.

2015లో 2013 వెర్షన్‌కి మారాం. పాత సైట్లన్నీ లక్షణంగా వచ్చాయి. నేను కాలరెగరేసి, వేసవి పంట పట్టుబడుల కోసం కొత్తగా ఒక సైట్ కలెక్షన్ (తన పర్మిషన్లు తనకే ఉండే విడి సైటు) తెరిచి, రిసీవింగ్ వాళ్లని ఎప్పట్లాగే మెంబర్స్ గ్రూపులో వేశాను. ఎప్పట్లాగే అనుకోవడమే తప్పు. 2010లో మెంబర్స్ అంటే కాంట్రిబ్యూట్, లిస్టు లోపలి వివరాల వరకే హక్కు. 2013లో ఎడిట్ అని కొత్త స్థాయి ఒకటి పుట్టింది. కొత్త సైటు తెరిస్తే మెంబర్స్‌కి అదే వెళ్తుంది. గ్రూపు పేరు పాతదే కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

మా డెల్టా భాషలో చెప్పాలంటే, కాంట్రిబ్యూట్ అంటే వంతొచ్చినప్పుడు మీ మడికి మీరు నీళ్లు పెట్టుకోవడం. ఎడిట్ అంటే పంటబోదెకి గండి కొట్టి, తూము పీకి గట్టు మీద పడేసే హక్కు కూడా మీదే. కౌలు రైతుకి ఎవరైనా ఆ రెండోది రాసిస్తారా? అసలు పేరు పెట్టినవాళ్లననాలి. ఎడిట్ అంటే ఎవరైనా ఏమనుకుంటారు, రాసింది దిద్దుకోవడం అనుకుంటారు. లిస్టులు తీసేయడం, కాలమ్‌లు పీకేయడం కూడా అందులోనే ఉందని ఆ మాట వింటే తెలుస్తుందా?

తెల్లవారుజాము నాలుగున్నర. ఆకివీడు వైపు నుంచి మూడు బళ్లొచ్చాయి. రిసీవింగ్ షెడ్డు నేలంతా ఐసు నీళ్లు. ఓ మూల పదిహేను అంగుళాల పాత మానిటరు, తడి తగలకుండా కీబోర్డుకి పాలిథిన్ కవరు. లిస్టు ఆ స్క్రీన్లో పట్టదు. బరువు గడి చేరాలంటే ప్రతి లాటుకీ తడి గ్లవ్సుతో మౌసు పట్టుకుని పక్కకి జరుపుకుంటూ పోవాలి. మా షిఫ్టు సూపర్‌వైజరు గారికి విసుగొచ్చింది. అటూ ఇటూ నొక్కితే లిస్ట్ సెట్టింగ్స్ తెరుచుకుంది. పాత సైట్లో ఆయనకి అది తెరుచుకునేది కాదు. చెరువు కోడు గడి తనకి అక్కర్లేదు కదా అని డిలీట్ కొట్టాడు. నిజంగానే తీసేయమంటావా అని అది ఒకసారి అడిగింది. ఆయన ఓకే అన్నాడు.

ఆరింటికి ల్యాబు నుంచి ఫోను. "ఏవండీ, చెరువు కోడ్లు కనపడట్లేదండి. ఒక్కటీ లేదు."

నేను వెళ్లేసరికి సూపర్‌వైజరు గారు తాపీగా టీ తాగుతున్నారు. "నాకడ్డమొస్తుంటే నా స్క్రీన్లో తీసేశానండి. నా దాంట్లో తీస్తే అందరి దాంట్లోనూ ఎందుకు పోద్దండీ?" అన్నారు. నిజం చెప్పొద్దూ, నా దగ్గర సమాధానం లేదు. మనిషి అడిగింది న్యాయమైన ప్రశ్నే.

లిస్టు మొత్తం పోతే రీసైకిల్ బిన్‌లో దొరుకుతుంది. కాలమ్ పోతే దొరకదు, ఇది బాగా గుర్తుపెట్టుకోండి. పాత మార్పుల్ని దాచిపెట్టే వెర్షన్ హిస్టరీ కూడా ఆదుకోలేదు. రాత్రి ఒంటిగంట బ్యాకప్‌ని వేరే పేరుతో డేటాబేసుగా నిలబెట్టి, అందులోంచి లిస్టు ఎగుమతి చేసుకున్నాను. ఒంటిగంట తర్వాత వచ్చిన 19 లాట్లు మాత్రం ఏ బ్యాకప్‌లోనూ లేవు.

అప్పుడు మా స్టోర్సు గుమాస్తా గారు తన బీరువా తీశారు. అరవై దాటిన మనిషి. ప్రతి లోడుకీ చేత్తో చీటీ రాసి, కింద కార్బన్ కాపీ ఉంచుకుంటారు. ఆ పుస్తకాలు దండగ ఖర్చని ఎండీ గారితో అన్నది నేనే. "నీ కంప్యూటరు నీది, నా కార్బను నాది" అని అప్పట్లో ఆయన నన్ను పట్టించుకోలేదు. బళ్లతో తిరిగిన పై చీటీల్లో సిరా ఐసు నీళ్లకి కరిగి నీలం మరకైపోయింది. కార్బన్ కాపీ మీద మాత్రం అక్షరం చెదరలేదు. ఆయన చదువుతుంటే నేను ఎక్కించాను. పంతొమ్మిదీ అయ్యేసరికి పదకొండు దాటింది. ఆ మూడు బళ్ల సరుకూ అప్పటిదాకా ఐసులోనే ఉంది.

ఇంకో చిన్న మంట. షెడ్డులో కంప్యూటరు ఒకటే, మనుషులు నలుగురు. 2010లో పేరు మీద నొక్కితే వేరే యూజరుగా సైనిన్ అయ్యే మెనూ ఉండేది. 2013లో దాన్ని తీసేశారు. దాంతో నలుగురూ ఒకే లాగిన్‌తో కూర్చోవడం మొదలెట్టారు. ఆ లాగిన్ సూపర్‌వైజరు గారిది. కాలమ్ తీసింది ఆయనే అని ఆయనే ఒప్పుకున్నాడు కాబట్టి తెలిసింది గానీ, రికార్డు చూసి ఎవరూ కనిపెట్టలేరు.

ఇక ఫుల్ కంట్రోల్, అంటే సైటు మీద సర్వహక్కులూ, అడిగేవాళ్లు. మా వైపు అది పర్మిషన్ కాదండీ, మర్యాద. "ఆయనకిచ్చి నాకివ్వలేదేంటండీ" అని పర్చేజు మేనేజరు గారు వారం రోజులు నాతో మాట్లాడలేదు. పెళ్లిలో భోజనానికి పిలిచి రెండో బంతిలో కూర్చోబెట్టినట్టు ఫీలయిపోయారు. ఇచ్చాను. నాకు తెలిసి ఆయన ఆ సైటు ఏడాదిలో రెండుసార్లు తెరిచాడు.

మీరు చేయాల్సింది పెద్దగా లేదు. కొత్త సైటు తెరిచిన రోజే సైట్ పర్మిషన్స్‌లోకి వెళ్లి, మెంబర్స్ గ్రూపుకి ఎడిట్ తీసేసి కాంట్రిబ్యూట్ పెట్టండి. ఎడిట్ అనే స్థాయినే విప్పి లోపల టిక్కులు మార్చకండి, ఆర్నెల్ల తర్వాత ఎందుకు మార్చారో మీకే గుర్తుండదు. పై సైటు పర్మిషన్లే వాడుకునే సబ్‌సైటైతే పైనున్నదే కిందకి దిగుతుంది, దానికి ఈ బాధ లేదు. మైక్రోసాఫ్ట్ సర్వర్ల మీదే నడిచే షేర్‌పాయింట్ ఆన్‌లైన్‌కి వెళ్తున్నా మెంబర్స్ అంటే ఎడిటే, అక్కడా ఇదే చూసుకోండి.

ఫీచర్లంటారా, వచ్చేవాటికన్నా పోయేవి లెక్కేసుకోండి. ఫౌండేషన్ 2013తోనే ఆగిపోయింది, 2016కి ఆ ఉచితం లేదు. 2013 సపోర్టు 2023 ఏప్రిల్ 11తో అయిపోయింది. 2016కీ 2019కీ గడువు 2026 జులై 14. ఆన్‌లైన్‌లో 2013 తరహా వర్క్‌ఫ్లోలకి (అప్రూవల్ లాంటి పనుల్ని వాటంతటవే నడిపే ఏర్పాట్లకి) ఆఖరి తేదీ 2026 ఏప్రిల్ 2. పాత వర్క్‌ఫ్లో మీద మీ లీవు అప్రూవల్ నడుస్తుంటే, దాన్ని కట్టినవాడు ఇంకా ఉద్యోగంలో ఉన్నాడో లేదో ముందు కనుక్కోండి. రీసైకిల్ బిన్ మన సర్వర్లో మామూలుగా 30 రోజులు, ఆన్‌లైన్‌లో 93. ఈ ఒక్కటీ మాత్రం నిజంగా లాభమే.

సూపర్‌వైజరు గారికి వెడల్పాటి మానిటరు కొనిచ్చాం. గుమాస్తా గారు రిటైరయ్యారు. కార్బన్ పుస్తకాలు నేనున్నన్నాళ్లూ కొంటూనే ఉన్నాం. ఆ బిల్లు మీద సంతకం నాదే.