తిరుమల కొండ మీద టెలిస్కోప్ పెడితే ఎక్స్‌రే విస్ఫోటం తెలుస్తుందా?

తెలియదు, మన గెలాక్సీలో ఎక్కడైనా హఠాత్తుగా ఎక్స్‌రేలు ఎగసిపడితే పట్టుకోగలిగేవి ఉపగ్రహాలే. ఆ కిరణాలను వాతావరణం పైనే పీల్చేసుకుంటుంది, కొండ ఎత్తు ఏ మూలకూ చాలదు. 2015 సెప్టెంబర్ 28న శ్రీహరికోట నుంచి (ఇప్పుడది మన తిరుపతి జిల్లాలోదే) వెళ్లిన ఇస్రో ఉపగ్రహం ఆస్ట్రోశాట్‌లో ఈ పనికే ఒక పరికరం ఉంది. ఆకాశాన్ని జల్లెడ పడుతూ, ఉన్నట్టుండి ప్రకాశించినదాన్ని గుర్తిస్తుంది.

ఇలాంటి విస్ఫోటానికి ఉదాహరణ వీ404 సిగ్ని, అంటే ఒక బ్లాక్ హోల్, దాని తోటి నక్షత్రం కలిసిన జంట. 1989 తర్వాత 26 ఏళ్లు నిద్రపోయి, 2015 జూన్‌లో భగ్గుమంది. స్విఫ్ట్ ఉపగ్రహం పసిగట్టింది.

ఇలా భగ్గుమంటే నక్షత్రం పేలిపోయిందని చాలామంది అనుకుంటారు. కాదు. తోటి నక్షత్రం నుంచి లాగిన వాయువు బ్లాక్ హోల్ చుట్టూ పళ్లెంలా పేరుకుని, ఒక్కసారిగా లోపలికి జారుతూ లక్షల డిగ్రీలకు వేడెక్కుతుంది. ఆ వెలుగు వాయువుదే, బ్లాక్ హోల్‌ది కాదు.