మొదటి స్పోర్ట్స్ బైకు కొనబోతున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన కొటేషన్, నీలం రంగు ఆర్15 ఫోటో రెండూ చూశాను. బండి బాగుంది. మీ అమ్మ రెండుసార్లు ఫోను చేసి "వద్దని చెప్పు తమ్ముడూ" అంది. వద్దని నేను చెప్పను. ఇరవై ఒక్క ఏళ్ల వయసులో, సొంత జీతం అందుకుంటూ కోరుకున్నావు, అందులో తప్పు లేదు. అయితే నేను ఇరవై ఎనిమిదేళ్లు బీమా సర్వేయరుగా రావులపాలెం నుంచి నరసాపురం దాకా పడిన బండ్లనూ మునిగిన బండ్లనూ చూసినవాణ్ని. ఆ బండ్ల పక్కన నిలబడిన కుర్రవాళ్ల మొహాలు కూడా చూశాను. అందుకే ఇంత పొడుగున రాస్తున్నాను.

కొటేషన్‌లో "నెలకు 5,778" అన్న అంకె చుట్టూ నువ్వు సున్నా చుట్టావు. ముందు ఆ సున్నా చెరిపెయ్యి. బండి ఖరీదు 2,10,000, నీ చేతిలో ఉన్నది 50,000, అప్పు 1,60,000. "వడ్డీ 10 శాతమే" అన్నారు కదా, ఆ పక్కన చిన్న అక్షరాల్లో "ఫ్లాట్" అని ఉంది. అంటే ఏడాదికి 16,000 చొప్పున మూడేళ్లకు 48,000 వడ్డీని ముందే కలిపేసి, మొత్తం 2,08,000ను 36తో భాగించారు. ముప్పయ్యో వాయిదా కట్టేసరికి నీ బాకీ 33 వేల దగ్గరకు దిగి ఉంటుంది, వడ్డీ మాత్రం అప్పుడూ లక్షా అరవై వేల మీదే లెక్క. మన ఊరి లెక్కలో చెబుతాను. ఏడాదికి 10 శాతం అంటే నెలకు నూటికి ఎనభై మూడు పైసలు అనుకుంటాం. కానీ బాకీ తగ్గుతున్న కొద్దీ వడ్డీ తగ్గే పద్ధతిలో చూస్తే, నువ్వు కట్టేది దాదాపు 18 శాతం. నూటికి రూపాయిన్నర వడ్డీ! ఊళ్లో ఎవరైనా రూపాయిన్నర వడ్డీకి ఇస్తామంటే మీ నాన్న ఒక రాత్రి ఆలోచించుకునేవారు. షోరూములో మాత్రం పావుగంటలో సంతకాలు అయిపోతాయి.

2024 అక్టోబరు 1 నుంచి ఇలాంటి అప్పులకు కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ అనే కాగితం తప్పనిసరిగా ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నియమం పెట్టింది. అది నీకు అర్థమయ్యే భాషలోనే ఉండాలి, తెలుగులో అడుగు. అందులో ఏపీఆర్ అనే గడి ఉంటుంది. ఫీజులు కూడా కలుపుకుని ఏడాదికి నిజంగా పడే వడ్డీ శాతం అక్కడ తెలుస్తుంది. ఆ కాగితంలో లేని చార్జీని నీ అనుమతి లేకుండా తర్వాత వసూలు చేయడానికి వీల్లేదు. అది చేతికి రాకుండా ఎక్కడా సంతకం పెట్టవద్దు.

ఇప్పుడు నా లెక్క విను. ఆరు నెలలు ఆగు. ఆ వాయిదా ఇప్పటికే మొదలైందనుకుని, నెలనెలా 6,000 వేరే ఖాతాలో వెయ్యి. 36,000 అవుతుంది, ఉన్న 50,000తో కలిపి 86,000. అప్పు 1,24,000కు తగ్గుతుంది. నీ జీతం పడే బ్యాంకులో, తగ్గే బాకీ మీద 12 శాతానికి, అంటే రూపాయి వడ్డీకి దొరికితే, రెండేళ్లకు వాయిదా 5,837. వడ్డీ మొత్తం 16 వేల చిల్లర. అక్కడ 48 వేలు, ఇక్కడ 16 వేలు. బండి ఆరు నెలలు ఆలస్యంగా వస్తుంది, అప్పు ఆరు నెలలు ముందే తీరుతుంది. ఈ ఆరు నెలల్లో ఏ నెలైనా ఆ 6,000 వేయలేకపోతే, అదే నీకు జవాబు. నీకు వచ్చేది 22,000. చించినాడ వంతెన దాటి భీమవరం వెళ్లి రావడానికి పెట్రోలుకే నెలకు నాలుగు వేల పైమాట.

మీ నాన్న చేత జామీను సంతకం పెట్టించే ముందు ఇంకొకసారి ఆలోచించు. నువ్వు రెండు వాయిదాలు తప్పితే ఆయన సిబిల్ స్కోరు కూడా పడుతుంది. రేపు రొయ్యల చెరువు మీద అప్పుకు వెళ్తే బ్యాంకు వాళ్లు అదే తీసి చూపిస్తారు. బావగారి చెరువు ఏ ఏడు ఎలా ఉంటుందో నీకు తెలియనిది కాదు.

ఇక బీమా. మన దగ్గర థర్డ్ పార్టీ ప్రీమియం, అంటే నీ బండి వల్ల ఎదుటివాడికి జరిగే నష్టం కోసం కట్టే సొమ్ము, నడిపేవాడి వయసును బట్టి కాకుండా ఇంజిను సీసీని బట్టి ఉంటుంది. 2022 జూన్ 1న అమలైన ధరల్లో, కొత్త బండికి ఐదేళ్లకు కలిపి 75 సీసీ పైన 150 దాకా 3,851, ఆ పైన 350 దాకా 7,365, జీఎస్టీ అదనం. నువ్వు చూసింది 155 సీసీ. ఆ ఐదు సీసీలకే లెక్క దాదాపు రెట్టింపు అయింది. ఇది ఎవరి దగ్గర కొన్నా ఒకటే. బేరం ఆడవలసింది సొంత బండి నష్టానికి కట్టే భాగం దగ్గర. షోరూము వాళ్లు చెప్పిన కంపెనీలోనే తీసుకోవాలని ఎక్కడా లేదు, మరో రెండు చోట్ల ధర కనుక్కో.

నేను అన్నిటికన్నా ఎక్కువగా చూసిన పొరపాటు చెబుతాను. పాలసీ మీద ఐదేళ్లు అని ఉంటుంది. ఆ ఐదేళ్లూ ఎదుటివాడికి జరిగే నష్టానికి మాత్రమే. నీ బండికి రక్షణ మామూలుగా ఒక్క ఏడాదే, ఏటా రెన్యువల్ చేయించుకోవాలి. రెండో ఏడు బండి పోయాక పాలసీ పట్టుకుని వచ్చి, "ఐదేళ్లు కట్టాను కదండీ" అని ఏడ్చిన పిల్లవాడికి ఏం చెప్పాలో నాకు తోచలేదు. అప్పటికి వాడికి ఇంకా పదహారు వాయిదాలు ఉన్నాయి. గడువు దాటి 90 రోజులు గడిస్తే నో క్లెయిమ్ బోనస్ కూడా పోతుంది. మొదటి ఏడు క్లెయిము లేకపోతే 20 శాతం తగ్గింపు, ఐదేళ్లు లేకపోతే 50 శాతం. చిన్న గీతలకు క్లెయిము వేయకు.

స్పోర్ట్స్ బైకుకు జీరో డిప్రిసియేషన్, అంటే భాగాల ధరలో అరుగుదల కింద కోత పెట్టకుండా ఇచ్చే అదనపు రక్షణ, తప్పకుండా తీసుకో. ఎందుకో చెబుతాను. ఒకసారి దాళ్వా నూర్పిళ్ల రోజుల్లో, రోడ్డు మీద ధాన్యం ఆరబోసిన చోట ఒక కుర్రవాడు జారాడు. వేగం లేదు, ఒంటికి దెబ్బ లేదు. బండి ఒక పక్కకు వాలి పది గజాలు రాసుకుంటూ పోయింది, అంతే. ఫెయిరింగు, అంటే బండి చుట్టూ ఉండే ప్లాస్టిక్ తొడుగు, దాని పలకల క్లిప్పులన్నీ విరిగాయి, వాటి సందుల్లో వడ్లు ఇరుక్కుని ఉన్నాయి. బిల్లు 26,000, అందులో ప్లాస్టిక్ భాగాలే 18,000. మామూలు పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు సగమే ఇస్తారు. మిగతా 9,000 ఆ కుర్రవాడే కట్టుకున్నాడు. మామూలు బండికి ఇంత ప్లాస్టిక్ ఉండదు, నీ బండికి ఒళ్లంతా అదే.

రెండోది ఇంజిన్ ప్రొటెక్షన్, అంటే నీళ్లు పోయి ఇంజిను పాడైతే డబ్బిచ్చే అదనపు రక్షణ. మీది లంక ఊరు కాబట్టి దీన్ని వదలవద్దు. 2022 జూలై వరదల్లో మీ పక్క లంకలోనే ఒక బండి రెండు రోజులు నీళ్లలో ఉంది. నీళ్లు తీయగానే ఆ అబ్బాయి ఆత్రంగా సెల్ఫ్ నొక్కాడు. టక్కుమని ఒక శబ్దం, తర్వాత ఇంజిను కదల్లేదు. విప్పితే కనెక్టింగ్ రాడ్డు కొడవలిలా వంగి ఉంది. గాలి నొక్కుకుంటుంది, నీళ్లు నొక్కుకోవు, ఆ బలమంతా రాడ్డు మీద పడుతుంది. మునగడం వల్ల పోయిన వైరింగుకూ శుభ్రం చేయడానికీ డబ్బు వచ్చింది. స్టార్టు చేయడం వల్ల పోయిన ఇంజినుకు రాలేదు. ఆ రిపోర్టు నా చేత్తోనే రాశాను, ఇప్పటికీ ఆ ఇంటి మీదుగా వెళ్తే గుర్తొస్తుంది. ధవళేశ్వరంలో గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక ఇస్తారు, 13.75కు రెండోది. మొదటిదానికే బండిని ఏటిగట్టు ఎక్కించు. ఒకవేళ మునిగితే ఫోటోలు తీసి, కంపెనీకి ఫోను చేసి, మెకానిక్ వచ్చేదాకా తాళం చెవి జేబులో ఉంచుకో.

యానాం చిరునామాతో రిజిస్ట్రేషన్ చేయిస్తే పన్ను కలిసొస్తుందని నీ స్నేహితుడు చెప్పాడట. నువ్వు ఉండేది ఇక్కడ, నడిపేది ఇక్కడ. వేరే చోటి నంబరుతో పన్నెండు నెలలు దాటి ఇక్కడ తిప్పితే మళ్లీ ఇక్కడి నంబరు వేయించుకోవాలి. ఆ ఆలోచన మానుకో. సైలెన్సరు మార్చడం కూడా అంతే, క్లెయిము రోజున సర్వేయరు కన్ను మొదట పడేది దాని మీదే. వెనక కూర్చునేవాళ్ల సంగతి కూడా తెలుసుకో. ఉత్త థర్డ్ పార్టీ పాలసీలో వెనక కూర్చున్నవారికి రక్షణ లేదు, సొంత బండి నష్టం కూడా కలిసిన సమగ్ర పాలసీలో ఉంది. నీ వెనక చెల్లెలిని ఎక్కించుకుంటావు కదా.

అప్పు తీరాక, ఇక బాకీ లేదని అప్పిచ్చినవారు ఇచ్చే ఎన్ఓసీ, ఫారం 35 తీసుకుని ఆర్సీలో అప్పిచ్చినవారి పేరు కొట్టేయించు. బండి, లైసెన్సు, పాలసీ మూడూ నీ పేరు మీదే ఉండాలి. లైసెన్సు లేని స్నేహితుడికి సరదాకైనా తాళం ఇవ్వకు.

ఆదివారం కాగితాలన్నీ పట్టుకుని అమలాపురం రా, ఇద్దరం కలిసి ఒక్కో వరుసా చదువుదాం. బండి యజమానికి 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా ఒకటి ఉంటుంది, అందులో నామినీ గడి చాలామంది ఖాళీగా వదిలేస్తారు. నువ్వు మీ అమ్మ పేరు రాయించు, ఆధార్ కార్డులో ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే.

మీ మావయ్య