నీ గేమ్‌లో ఆ పాత్రను రాసే ముందు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ ఫాంటసీ గేమ్‌లో ఒక ట్రాన్స్ మహిళను (పుట్టినప్పుడు మగబిడ్డ అనుకున్నా, తాను ఆడమనిషినని ఎరిగి బతికే ఆమెను), ఇద్దరు మగవాళ్ల ప్రేమకథను పెడుతున్నావని విని సంతోషించాను. విడుదలయ్యాక గొడవ వస్తుంది. అలాంటివాళ్లు గేమ్‌లో ఉండటమే గిట్టనివాళ్లను నువ్వేం చేసినా ఆపలేవు. రాతలోని లోపాలు చూసి బాధపడేవాళ్లూ ఉంటారు. వాళ్ల మాట విని చేయగలిగింది చాలా ఉంది.

అన్నిటికన్నా ముందు, ఆమె ట్రాన్స్ అన్న సంగతి ఎప్పుడు బయటపడాలో తేల్చుకో. 2016లో వచ్చిన 'బాల్డర్స్ గేట్: సీజ్ ఆఫ్ డ్రాగన్‌స్పియర్' గేమ్‌లో మిజీనా అనే పూజారిణి ఉంది. నీ పేరేంటి ఇలా ఉందని అడగగానే, తనను అబ్బాయిగా పెంచారన్న సంగతి అప్పుడే పరిచయమైన మనిషికి చెప్పేస్తుంది. ద్వేషంతో రాసిన రివ్యూలు వెల్లువెత్తాయి, నిజమే. కానీ ట్రాన్స్ ఆటగాళ్లలోనూ కొందరికి అది అసహజంగా తోచింది. మరుసటి ఏడాది 'మాస్ ఎఫెక్ట్: ఆండ్రోమెడా'లో హైన్లీ ఏబ్రమ్స్ అనే ట్రాన్స్ మహిళ తొలి పరిచయంలోనే, పుట్టినప్పుడు పెట్టిన తన పాత పేరు కూడా చెప్పేసింది. ఆ గేమ్ చేసిన బయోవేర్ సంస్థ క్షమాపణ చెప్పి, నమ్మకం కుదిరాకే ఆమె ఆ మాట ఎత్తేలా మార్చింది.

అందుకే తొలి సంభాషణలో ఆమె పని, ఆమె అవసరం మాత్రమే ఉండనీ. ఆ సంగతికి మూడు షరతులు పెట్టు: ఆమె, ఆటగాడు కలిసి ఒక క్వెస్ట్ (గేమ్‌లో అప్పగించిన పని) ముగించాలి, నమ్మకం పాయింట్లు ఒక హద్దు దాటాలి, ఆటగాడు తనంతట తాను ఆ సంభాషణ ఎంచుకోవాలి. పాత పేరు అసలు రాయకు. కథకు అది అక్కర్లేదు.

ఆ సంగతి కథలో ఎంత బరువు మోయాలన్నది తర్వాతి ప్రశ్న. 2014 నాటి 'డ్రాగన్ ఏజ్: ఇన్‌క్విజిషన్'లో రెండు దారులూ ఉన్నాయి. క్రెమ్ ట్రాన్స్ పురుషుడు, కిరాయి దళంలో నాయకుడి తర్వాతివాడు. ఆ దళాన్ని కాపాడాలా, బలివ్వాలా అన్న ఘట్టంలో అతని ప్రాణమే పణం. అక్కడ మన గుండె అదిరేది సైనికుడిగా అతన్ని ఎరిగినందుకు, ట్రాన్స్ అయినందుకు కాదు. డోరియన్ స్వలింగ ప్రేమికుడు. వంశం కోసం కన్నతండ్రే రక్తమంత్రంతో కొడుకు స్వభావాన్ని మార్చబోయాడు. ఆ సంగతి తీసేస్తే డోరియన్ కథే లేదు. రెండూ మంచి దారులే. ఏదీ ఎంచుకోకుండా రాస్తే మాత్రం పాత్ర పరిచయ వాక్యం దగ్గరే ఆగిపోతుంది. అన్నట్టు, క్రెమ్‌కు గొంతు ఇచ్చింది ట్రాన్స్ నటుడు కాదన్న విమర్శ వచ్చింది. నటుల ఎంపిక వేళ అది గుర్తుంచుకో.

ప్రేమల విషయంలో వాదన వేరు. 'డ్రాగన్ ఏజ్ 2'లో, 'బాల్డర్స్ గేట్ 3'లో ప్రేమించదగ్గ తోటి పాత్రలు దాదాపు అన్నీ ఆటగాడి పాత్ర ఆడైనా మగైనా ఒప్పుకుంటాయి. ఇన్‌క్విజిషన్‌లో ఎవరి ఇష్టం వాళ్లది. మొదటి పద్ధతిలో అందరికీ అవకాశం దొరుకుతుంది, కానీ పాత్రకు సొంత గతం లేనట్టు అనిపించే ప్రమాదం ఉంది. నీ గేమ్‌లో ప్రేమించదగ్గ పాత్రలు నలుగురే కాబట్టి అందరినీ అందరికీ తెరిచి ఉంచమంటాను. కాకపోతే ఒక్కొక్కరి పాత ప్రేమను స్థిరంగా రాయి, ఆటగాణ్ని బట్టి అది మారకూడదు. మర్యాదగా కాదనే జవాబు తప్పకుండా పెట్టు, దానికి పాయింట్లు కోయకు. 'డ్రాగన్ ఏజ్ 2'లో ఆండర్స్ అనే తోటి పాత్రను కాదంటే వైరం పాయింట్లు పెరగడం చాలామందిని చిరాకు పెట్టింది.

నీ లోకంలో ఇలాంటివాళ్లను గుడి ఏమంటుంది, పెళ్లి ఎలా జరుగుతుంది, ఆస్తి ఎవరికి పోతుంది? అర పేజీ రాసుకో. 2024లో డ్రాగన్ ఏజ్ సిరీస్‌లోనే వచ్చిన 'వీల్‌గార్డ్'లో టాష్ అనే పాత్ర నోట నేటి 'నాన్ బైనరీ' (ఆడా మగా అన్న రెండిటిలో ఇమడని) అన్న మాట విని, ఆ లోకంలో ఇమడలేదన్నారు కొందరు. అదే సిరీస్‌లో కునారీలనే జాతికి, పుట్టినప్పటి లింగం కాక మరో లింగంగా బతికేవాళ్లను పిలవడానికి ఆకున్ అథ్లోక్ అని తమ సొంత మాట ముందే ఉంది మరి. ఇదంతా బయటి నుంచి తెచ్చిందని మనవాళ్లెవరైనా అంటే, యక్షుడితో లింగం మార్చుకున్న శిఖండి కథ భారతంలోనే ఉందని చెప్పు.

ముసాయిదాను ఇద్దరు ముగ్గురు ట్రాన్స్ పాఠకులకు డబ్బిచ్చి చదివించు. ఒక్కరి అభిప్రాయం అందరిదీ కాదు. ఈ పని రికార్డింగ్‌కు ముందే అవ్వాలి, తర్వాత ప్రతి మార్పుకూ స్టూడియో ఖర్చే.

మన దేశంలో విడుదలకు ఇంకో జాగ్రత్త. 2014లో స్థానిక అశ్లీల చట్టాలను కారణంగా చూపి ప్రచురణకర్త ఈఏ సంస్థ ఇన్‌క్విజిషన్‌ను భారత్‌లో అమ్మకుండా వెనక్కి తీసుకుంది. 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు తీర్పుతో పెద్దల పరస్పర సమ్మతితో జరిగే స్వలింగ సంబంధం నేరం కాకుండా పోయింది, అశ్లీల చట్టాలు మాత్రం అలాగే ఉన్నాయి. కాబట్టి ప్రేమకథను కోయకు, పడకగది సన్నివేశాన్ని మాత్రం విడిగా తీసేయగలిగేలా కట్టు. లాయర్‌కు ఆ ఫైలు ఒక్కటీ చూపిస్తే చాలు.

విడుదలయ్యాక ఫిర్యాదుల్లో ఫలానా సన్నివేశం, ఫలానా డైలాగ్ అని చెప్పినవన్నీ ఒక జాబితాలో రాసి, తొలి ప్యాచ్‌లో (గేమ్‌కు విడుదలయ్యాక ఇచ్చే సవరణలో) సరిచెయ్యి. అసలు ఆ పాత్రే వద్దన్న మాటకు జవాబు ఇవ్వకు, పాత్రను తీయకు. విమర్శకులకు ఎత్తిపొడుపు పాత్ర నోట పెట్టకు. డ్రాగన్‌స్పియర్‌లో మిన్స్క్ అనే పాత్ర చేత అలాంటి మాట పలికించి, తర్వాత తీసేయాల్సి వచ్చింది.

తొలి రెండు సంభాషణలు, షరతుల పట్టికతో సహా, రికార్డింగ్‌కు ముందు నాకు పంపు.