తోక చూసి మాట పోల్చుకో

చిరంజీవి మనవరాలికి ఆశీస్సులు.

ఇంగ్లీషు మాటల జాబితాలు బట్టీ పడుతున్నావట. అది కాస్త పక్కనబెట్టి, ప్రతి మాట చివర ఏముందో చూడు. వాక్యంలో ఆ మాట ఏ పని చేస్తుందో చెప్పేది చిట్టచివరి ప్రత్యయమే, అంటే మాటకు తగిలించిన తోకే. 'నేషన్' నామవాచకం, 'నేషనల్' విశేషణం, 'నేషనలైజ్' క్రియ, 'నేషనలైజేషన్' మళ్లీ నామవాచకం. పొడుగాటి మాట ఎదురైతే వెనకనుంచి ఒక్కో పొరా ఒలుచుకుంటూ రా.

ఇది మనకేం కొత్త కాదు. 'మంచి'కి 'తనం' చేరినట్టే 'కైండ్'కి 'నెస్' చేరుతుంది. పేదరికం అన్నంతగా పేదతనం అనం కదా? అక్కడా అంతే. 'ఏబుల్' నుంచి 'ఎబిలిటీ' వస్తుంది. 'ఏబుల్‌నెస్' అంటే చెవికి గుచ్చుకుంటుంది. ఏ మాటకు ఏ తోకో నిఘంటువులో చూసుకో, ఊహించి రాయకు.

అన్నిట్లోకీ టక్కరిది 'లీ'. విశేషణానికి తగిలితే సాధారణంగా క్రియావిశేషణం అవుతుంది: నెమ్మదిగా అన్నట్టు 'స్లోలీ'. నామవాచకానికి తగిలితే చాలావరకు విశేషణమే: 'ఫ్రెండ్లీ'. అందుకే 'హీ స్పోక్ ఫ్రెండ్లీ' అని రాయకూడదు, 'ఇన్ ఎ ఫ్రెండ్లీ వే' అనాలి. ఇక 'ఐ వర్క్ హార్డ్' అంటే కష్టపడి పనిచేస్తానని; 'ఐ హార్డ్‌లీ వర్క్' అంటే పని చేసేదే తక్కువని. ఉద్యోగ దరఖాస్తులో ఈ రెండోది పడిందంటే ఇక చెప్పేదేముంది!

'లెస్' అంటే లేనిదని గుడ్డిగా నమ్మకు. 'హోప్‌లెస్' ఆశ లేనిదే గాని, 'ప్రైస్‌లెస్' వెల లేనిది కాదు, వెలకట్టలేనిది. 'అర్' తగిలితే మనిషేననీ అనుకోకు: 'కుక్' వంటమనిషి, 'కుక్కర్' గిన్నె. విసుగొచ్చినప్పుడు 'అయామ్ బోర్డ్' అనాలి. 'బోరింగ్' అంటే ఎదుటివాళ్లకు విసుగు తెప్పించేది నువ్వే.

స్పెల్లింగులో జాగ్రత్త. అచ్చుతో మొదలయ్యే ప్రత్యయం వస్తే సాధారణంగా చివర పలకని 'ఇ' పోతుంది, హల్లుతో మొదలైతే ఉంటుంది: 'హోపింగ్'లో లేదు, 'హోప్‌ఫుల్'లో ఉంది. 'నోటీసబుల్'లో మాత్రం ఉంచాలి. తీసేస్తే 'సి'ని 'క'లా చదువుతారు. 'బిగినర్'లో 'ఎన్' రెండుసార్లు, 'విజిటర్'లో 'టి' ఒక్కసారే. 'బిగిన్'లో ఊనిక, అంటే ఒత్తి పలకడం, చివర; 'విజిట్'లో మొదట పడటమే కారణం.

ఆ ఊనిక దగ్గరే మనవాళ్లు ఎక్కువగా తడబడతారు. 'ఫోటోగ్రాఫ్'లో మొదటి అక్షరం మీద, 'ఫొటాగ్రఫర్'లో రెండోదాని మీద, 'ఫోటోగ్రాఫిక్'లో మూడోదాని మీద పడుతుంది. 'ఇక్', 'ఇటీ', 'షన్' వస్తే సాధారణంగా వాటికి సరిగ్గా ముందున్న అక్షరాన్ని ఒత్తి పలుకు. 'నెస్', 'ఫుల్' ఊనికను కదిలించవు.

రోజుకొక్క మాట తీసుకుని క్రియకు, నామవాచకానికి, విశేషణానికి, క్రియావిశేషణానికి నాలుగు గళ్లు గీయి: 'సక్సీడ్', 'సక్సెస్', 'సక్సెస్‌ఫుల్', 'సక్సెస్‌ఫుల్లీ'. ఒక్కోదానితో ఒక వాక్యం రాయి. ఏదైనా గడికి మాట దొరక్కపోతే ఖాళీగా వదిలెయ్, నువ్వు పుట్టించకు.

— తాతయ్య