ప్రాంతీయ రగ్బీ జట్టు లెక్కలు చేపట్టిన అమ్మాయికి ఒక లేఖ

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

వేల్స్‌లోని ఒక ప్రాంతీయ రగ్బీ జట్టు తన ఆర్థిక వ్యవహారాల బాధ్యతను నీకు అప్పగించిందని చదివి ఎంతో సంతోషించాను. దక్షిణ వేల్స్‌లో ముప్పై ఏళ్లు లెక్కల తనిఖీ చేసినవాణ్ణి కనుక, శనివారం మ్యాచ్ ఓడిపోతే సోమవారం దాకా ఊరంతా మూగపోవడం చూశాను. అంత ప్రేమకు ఆధారమైన ఖాతాలు ఎంత బలహీనంగా ఉంటాయో కూడా చూశాను.

లాభనష్టాల పట్టికను పక్కన పెట్టి, రాబోయే 52 వారాల్లో ఏ వారం ఎంత వస్తుందో, ఏ వారం ఎంత పోతుందో ముందుగా ఒక కాగితం మీద వేసుకో. మీ జట్టు ఆడే యునైటెడ్ రగ్బీ చాంపియన్‌షిప్ లీగ్‌లో జట్టుకు 18 లీగ్ మ్యాచ్‌లుంటే, వాటిలో సొంత మైదానంలో జరిగేవి 9 మాత్రమే. ఐరోపా పోటీల మ్యాచ్‌లు రెండో మూడో కలిపినా గేటు డబ్బు వచ్చే రోజులు ఏడాదికి డజను, జీతాలు మాత్రం పన్నెండు నెలలూ ఇవ్వాలి. అందువల్లనే సీజన్ టికెట్ల సొమ్ము చేతికి రాగానే దానితో పాత బాకీలు తీర్చాలనిపిస్తుంది. అది ఇంకా జరగని ఆటకు అభిమానులు ఇచ్చిన బయానా. దానిని వేరే ఖాతాలో ఉంచి, మ్యాచ్‌లు జరిగిన కొద్దీ మాత్రమే వాడాలని పాలకవర్గం చేత తీర్మానం చేయించు.

ఆటగాళ్ల జీతాల్లోంచి పట్టుకున్న పన్ను కూడా మనది కాదు. ఒకప్పుడు నేను లెక్కలు చూసిన ఒక చిన్న క్లబ్బులో కోశాధికారి ఆ పన్నును మూడు నెలలు కట్టకుండా, ఒక మంచి ఆటగాడిని నిలుపుకోవడానికి వాడేశాడు. అతని ఉద్దేశం మంచిదేనని నేను నివేదికలో ఆ సంగతిని మెత్తగా రాశాను. గట్టిగా రాయవలసిందని ఇప్పటికీ బాధపడతాను. ఇంగ్లండ్‌లోని వూస్టర్ వారియర్స్ క్లబ్బు విషయంలో పన్నుల శాఖ బకాయిల కోసం కోర్టుకెక్కింది, 2022 సెప్టెంబరులో క్లబ్బు దివాలా నిర్వాహకుల చేతికి పోయింది, అక్టోబరు 5న ఆటగాళ్ల ఒప్పందాలున్న సంస్థను కోర్టు మూయించడంతో వారందరి కాంట్రాక్టులు ఒక్క పూటలో రద్దయ్యాయి. అదే నెలలో వాస్ప్స్ అనే మరో ఇంగ్లండ్ క్లబ్బు కూలిపోయింది. ఆ క్లబ్బు 2014లో కోవెంట్రీలోని పెద్ద స్టేడియం కొని అక్కడికి తరలిపోయి, మరుసటి ఏడాది 6.5 శాతం వడ్డీకి 3.5 కోట్ల పౌండ్ల బాండ్లు అమ్మింది. 2022 మే నెలలో అసలు చెల్లించవలసిన గడువు వచ్చేనాటికి తీర్చే దారి లేకపోయింది. మరుసటి వేసవిలో, ఏళ్ల తరబడి యజమాని సొమ్ము మీద నడిచిన లండన్ ఐరిష్ కూడా పోవడంతో, 13 జట్ల ఇంగ్లండ్ ప్రీమియర్‌షిప్‌లో 10 మిగిలాయి.

కాబట్టి యజమాని ఇచ్చే సొమ్మును ఎన్నడూ ఆదాయం కింద రాయకు. అది వాటా మూలధనమా, తిరిగి అడగగల అప్పా అన్నది రాతపూర్వకంగా తెలుసుకో. ఆపదలచుకుంటే ఎన్ని నెలల ముందు చెప్పాలో కూడా ఒప్పందంలో ఉండాలి. 2025 ఏప్రిల్‌లో కార్డిఫ్ అంతటి పేరున్న జట్టు దివాలా ప్రక్రియలోకి వెళ్లి, చివరకు వేల్స్ రగ్బీని నడిపే వెల్ష్ రగ్బీ యూనియన్ చేతికి వచ్చిందంటే, పాత పేరు రక్షణ కాదని అర్థమవుతుంది. ప్రీమియర్‌షిప్ క్లబ్బులు 2018లో లీగ్‌లో 27 శాతం వాటాను సీవీసీ అనే పెట్టుబడి సంస్థకు విక్రయించాయి. రాబోయే ఏళ్ల రాబడిని వదులుకుని తెచ్చిన అలాంటి సొమ్మును జీతాలకు వాడడం, నా దృష్టిలో, విత్తనపు గింజలు వండుకు తినడమే.

జీతాల పద్దులో నేను కోరేది ఒక్కటే. వేల్స్‌లో జట్ల జీతాల పరిమితి 2023-24లో 52 లక్షల పౌండ్లుండగా తరువాతి సీజన్‌కు 45 లక్షలకు దిగింది. మూడేళ్ల ఒప్పందాలు రాసుకున్నవారికి అలాంటి కోతను తట్టుకోవడం కష్టం. ఏటా మూడో వంతు ఒప్పందాలు ముగిసేలా అమర్చుకుంటే, ఆదాయం తగ్గినప్పుడు ఎవరి మాటా తప్పకుండా పద్దు తగ్గించుకోవచ్చు.

మైదానం సంగతి దీర్ఘకాలానికి అన్నిటికన్నా ముఖ్యం. ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్ చీఫ్స్ క్లబ్బు 2006లో పాత మైదానం అమ్మి, మోటారు రహదారి దగ్గర శాండీ పార్క్ అనే కొత్త మైదానం కట్టుకుంది. సమావేశాలు, విందులు, పెళ్లిళ్లతో మ్యాచ్ లేని రోజుల్లోనూ ఆ ఆవరణ సంపాదించి పెట్టింది. 2010లో ప్రీమియర్‌షిప్‌లోకి వచ్చిన ఆ జట్టు 2017లో విజేత అయింది. కోవిడ్ తరువాత ఆ క్లబ్బు కూడా నష్టాలు చవిచూసింది కనుక దానిని తాయెత్తులా చూపడం లేదు. కానీ కార్డిఫ్ జట్టు ఆడే ఆర్మ్స్ పార్క్ మైదానం దాని సొంతం కాదు, మరో వేల్స్ జట్టు ఆస్ప్రేస్ ఏళ్లపాటు స్వాన్సీలో ఫుట్‌బాల్ క్లబ్బుతో కలిసి ఒకే స్టేడియంలో ఆడింది. ఇలాంటి చోట బారు, పార్కింగు, పేరు హక్కుల రాబడి ఎవరికి చేరుతుందో లీజు పత్రం ప్రతి వాక్యం చదివి తెలుసుకో. కొనలేకపోయినా, పాతికేళ్ల లీజు, మ్యాచ్ లేని రోజుల వాడకం హక్కు అడగవచ్చు.

యూనియన్‌తో మర్యాదగా ఉండు, దాని మీదే ఆధారపడకు. 2003లో అయిదు ప్రాంతీయ జట్లను ఏర్పాటు చేస్తే సెల్టిక్ వారియర్స్ ఒక్క సీజన్‌కే రద్దయింది. 2025లో ఉన్న నాలుగింటిని మూడుకు తగ్గిస్తామని యూనియన్ ప్రకటించింది. అదే 2003లో ఐర్లండ్ యూనియన్ కొనాక్ట్ జట్టును మూసివేయాలనుకున్నప్పుడు అభిమానులు డబ్లిన్ వీధుల్లో ఊరేగింపుగా వెళ్లి ఆపించారు. 2016లో ఆ జట్టే ప్రో12 లీగ్ గెలిచింది. అందుకని అభిమానుల సంఘానికి పాలకవర్గంలో ఒక స్థానం, మూడు నెలలకొకసారి నిజమైన లెక్కలు ఇవ్వాలని పట్టుబట్టు. కష్టం ముందుగా తెలిసిన వాళ్లే కష్టంలో నిలబడతారు.

ఆ 52 వారాల కాగితం సిద్ధమైన రోజే నాకు పంపు. ఏ వారాల్లో ఖాతా సున్నాకు దిగుతుందో ఎర్ర సిరాతో గుర్తుపెట్టు. ఆ వారాల గురించి పాలకవర్గానికి ఏమి రాయాలో ఇద్దరం కలిసి రాద్దాం.

మీ పెదనాన్న