చెలకల దొర్కిన ఇత్తడి కాయ ఏందంటే (మా పొన్ను పంచాయితీతో సహా)

అడిగిన అన్నా, మీ ప్రశ్న రెండుసార్లు చదివిన. దుక్కి దున్నిన చెలకల మెటల్ డిటెక్టర్ తిప్పుతుంటే బొటనవేలంత ఇత్తడి వస్తువు దొర్కింది, మామిడిపిందె లెక్క ఉంది, నెత్తిన చిన్న రింగు, ఒక పక్క మడతబందు లాంటిది, ఊపితే లోపల ఏదో పొడి కదిలినట్టు చప్పుడు, ఇది ఏంది, ఏ కాలంది, ఎంత పలుకుతది, అక్కడ పాత ఊరేమన్న ఉండెనా, ఇంతే కదా.

అది సున్నపుకాయ. నాకు ఫోటో కూడా అక్కర్లే. తంబాకు నమిలేటోళ్లు, ఆకువక్క ఏసుకునేటోళ్లు తడి సున్నం అండ్ల పెట్టుకొని నడుముకు చెక్కుకునేది. ఆ రింగుకు సన్న గొలుసు ఉంటుండె, గొలుసు కొసకు సున్నం తీసే పుల్ల, అది ఎప్పుడో తెగి పోయుంటది. మా తాతకు ఒకటి ఉండె. నాకు నాలుగైదేండ్లప్పుడు అండ్ల పాలపిండి ఉందనుకొని తెరిచి నాకిన, నాలుక పొక్కి రెండ్రోజులు పెరుగన్నం తప్ప ఏం తినలే, కాబట్టి ఆ కాయ ఆకారం నాకు ఎవరూ చెప్పనక్కర్లే.

నమ్మకం లేకపోతే ఒక పని చేయుండ్రి. లోపలి పొడి పుల్లతోని జర గీకి స్టీలు చెంచాల ఏసి నాలుగు చుక్కలు నిమ్మకాయ పిండుండ్రి. బుసబుస పొంగిందంటే అది సున్నమే, ఏండ్లకేండ్లు గాలి తగిలి సున్నం సుద్ద అయితది, సుద్దకు పులుపు తగిల్తే పొంగుతది. మన ఎర్ర చెలక మన్ను అట్ల పొంగదు. కాయ మీద మాత్రం నిమ్మకాయ పిండకుండ్రి, చింతపండు పెట్టి అస్సలు తోమకుండ్రి. దొర్కిన ప్రతిదాన్ని బోనాల బిందె లెక్క తళతళ మెరిపిస్తే గని మనోళ్లకు నిద్ర పట్టదు. ఆ పచ్చ చిలుమే దాని వయసు, అది పోతే మిగిలేది తూకానికి పోయే ఇత్తడి. ధర అంటరా, ఎవరన్న పాత వస్తువుల పిచ్చి ఉన్నాయన దొర్కితే ఏమన్న ఇస్తడేమో, నేనైతే ఇంట్లనే పెట్టుకుంట.

ఇగ అసలు చెప్పాలనుకున్నది వేరే ఉంది. ఇసొంటి వస్తువు దొర్కంగనే అందరు చేసే మొదటి తప్పు ఫోన్ తీసి ఫోటో కొట్టుడు. మేము గూడ అదే చేసినం, ఆ కథ చెప్త.

మాది దేవరకొండ దిక్కు, డిండికి పోయే తొవ్వల. ముందేడు ఎండాకాలం ఒక పెండ్లికి ఊరికి పోతే మా బామ్మర్ది సంచిలకెళ్లి మెటల్ డిటెక్టర్ తీసిండు, ఆన్‌లైన్‌ల 6,500 పెట్టి తెప్పించిండట. ఎందుకురా అంటే "బావా, దేవరకొండ కోట రేచర్ల పద్మనాయకులది, వాళ్ల సైన్యం మన చెలకల మీదకెళ్లే నడిచి ఉంటది, ఒక్క నాణెం దొర్కినా చాలు" అన్నడు. వాళ్ల సైన్యం మా చెలక మీదకెళ్లి ఎందుకు నడుస్తది, అక్కడ నడుద్దామంటే ఇప్పటికి గూడ బాట లేదు. అయినా తెల్లారి 6 గంటలకు ఇద్దరం బయలెల్లినం, ఎండ ముదిరితే మనతోని కాదని.

మొదటి గంట మొత్తం బీరు సీసా మూతలు, గుట్కా ప్యాకెట్లు (దాని లోపలి తళతళ రేకుకు గూడ కూత పెడ్తది, ఎన్ని ఏరినమో లెక్కలేదు, తినుడు తిని చెలకల పారేసుడు ఎందుకో అర్థం కాదు), కల్టివేటర్ బోల్టులు మూడు, ఎద్దు నాడా ఒకటి. నాడా చూసినంక నాకు జర ఖుషీ అయింది, అర్ధచంద్రం లెక్క పల్చటి ఇనుప రేకు, మూడు తూట్లు, ఒక తూట్ల మేకు ఇరిగి అట్లనే ఉంది. ఎద్దు గిట్ట రెండు చీలికలు కదా, గుర్రానికి లెక్క ఒకటే గుండ్రం నాడా కుదరదు, అందుకే సగం సగం. బామ్మర్ది దాన్ని పడేస్తనంటే గుంజుకున్న.

తర్వాత గెట్టు దగ్గర, పక్క చెలకకు ఇంకో రెండడుగులు ఉందనంగ, డిటెక్టర్ పెద్దగ కూసింది. జానెడు తవ్వితే ఒక రింగు. మన్ను కట్టుకపోయి ఉంది, మన్ను దులిపితే తుప్పు, తుప్పు కింద దళసరి ఇనుము. అడ్డం ఒకటిన్నర అంగుళం, పట్టీ వెడల్పు ఒక అంగుళం. బామ్మర్ది రెండు వేళ్లకు తొడుక్కొని అటు తిప్పి ఇటు తిప్పి "ఇనుము కాదు బావా, ఇనుమైతే ఇది కూయదు, నేను ఇనుము వదిలెయ్యమని సెట్టింగ్ పెట్టిన" అన్నడు. తర్వాత తెలిసిందేందంటే గుండ్రటి ఇనుముతోనే డిటెక్టర్లు మోసపోతయి, వాషర్లు, రింగులు, గొలుసు కొక్కేలు, వాటి చుట్టూర కరెంటు తిరిగి మంచి లోహం లెక్క సిగ్నల్ ఇస్తది. అయస్కాంతం ముక్క ఒకటి జేబుల పెట్టుకుంటే అక్కడనే తేలిపోవు, ఇనుమును గుంజుతది, ఇత్తడి, రాగి, వెండి, సీసం దేన్నీ గుంజదు. 6,500 డిటెక్టర్ కొన్నోనికి పది రూపాల అయస్కాంతం యాదికి రాలే.

ఇగ ఫోన్ తీసిండు, ఫోటో చూసి వస్తువు ఏందో చెప్పే యాప్‌ల పెట్టిండు, అది ఏమన్నదంటే ఇది యూరప్‌ల రోమన్ల కాలపు బండి భాగం అన్నది. ఇంకో ఫోటో పెడితే కంకణం అన్నది, మూడోది పెడితే పైపు కప్లింగ్ అన్నది. మూడు ఫోటోలకు మూడు యుగాలు. మావోడు మాత్రం రెండోది పట్టుకున్నడు, కంకణం, పద్మనాయకుల కంకణం.

ఇంటికి తెచ్చేసరికి ఊరికి ఎట్ల తెలిసిందో, టిఫిన్ కాకముందే పది మంది. ఒకాయన లంకెబిందె మూత రింగు అన్నడు, కింద బిందె ఉంటదట. ఇంకొకాయన కోడిని కోయనిదే ఇంకొక్క గడ్డపార ఏటు ఎయ్యొద్దన్నడు. పక్క చెలకాయన, వరసకు మాకు కాక అయితడు, అప్పటిదాక మాట్లాడక నిలబడి ఒక్కసారిగ "గెట్టు మొన్న దున్నినప్పుడు మీరు జరిపిండ్రు, అది దొర్కిన జాగ నాది" అన్నడు. నవ్వుతున్నడేమో అనుకున్న, నవ్వలే.

అప్పుడు మా నానమ్మ లోపలికెళ్లి "ఏందిరా గా లొల్లి" అన్నది. 80 దాటినయి, ఒక కంటికి శుక్లం ఆపరేషన్ అయింది, రెండోది చేయించుకోదు. చేతుల పెడితే కండ్లతోని చూడనే లేదు. బొటనవేలు లోపల పెట్టి చుట్టు తిప్పింది. పై అంచు మీద గోరు పెట్టి, కింది అంచు మీద గోరు పెట్టి, "పొన్ను కదరా" అన్నది. రోకలి పొన్ను. బామ్మర్ది మొఖం చూడాల్సి ఉండె.

ఇప్పటి పిల్లలకు చెప్పాల్నేమో, రోకలి కొసకు ఇనుప కట్టు ఉంటది, అదే పొన్ను. లేకపోతే రాతి రోట్ల ఏటేటుకు కట్టె చిట్లి పేళ్లు లేచి బియ్యంల పడ్తయి. కమ్మరాయన పొన్నును కొలిమిల ఎర్రగ కాల్చి కట్టెకు ఎక్కించి నీళ్లల్ల ముంచుతడు, చల్లారంగ ఇనుము ముడుచుకొని కట్టెను పట్టేస్తది, బండి చక్రానికి పట్టా ఎక్కించుడు గూడ అంతే. ఎండకాలం కట్టె ఎండి గుంజుకపోతే పొన్ను వదులై జారి పడిపోతది, అందుకే రోకలి కొస జరసేపు నీళ్లల్ల నానబెట్టి దంచేటోళ్లట. మా నానమ్మ చూపించినంక మాకూ కనపడ్డది, పై అంచు సాపుగ ఉంది, కింది అంచు మాత్రం దెబ్బలు తిని తిని బయటికి ఒత్తుకొని పుట్టగొడుగు అంచు లెక్క అయింది, ఒకదిక్కు ఎక్కువ అరిగింది, దంచే మనిషి ఎప్పుడూ ఒకే పక్క నిలబడి దంచితే అట్ల అయితదట. లోపల నల్లగ అంటుకున్నది తుప్పు కాదు, కట్టె. గోటితోని గీకితే పోగు పోగు వచ్చింది. గంటసేపు ఫోన్ల కొట్టుకున్నం గని ఆ అంచు ఎందుకు ఒత్తుకుందని ఒక్కసారి ఆలోచన చేయలే. మీ సున్నపుకాయను గూడ అట్లనే చూడుండ్రి, రింగు లోపల పైదిక్కు గొలుసు రాసుకొని సన్నగ అయి ఉంటది, కాయ పొట్ట ఒక పక్క నడుముకు రాసుకొని నునుపు తేలి ఉంటది.

కొట్టంల మా ఇంటి రోకలి ఉంటే తెచ్చి పెట్టి చూసినం, సగం గూడ ఎక్కలే, మాది లావు. పసుపు దంచే చిన్న రోకలిది అయి ఉంటది అన్నది నానమ్మ. ఎవరింటిదో తెల్వదు.

మరి ఇల్లు లేని చెలకల రోకలి పొన్ను ఎట్ల వచ్చింది, సున్నపుకాయ ఎట్ల వచ్చింది అంటే, మీరు గూడ అదే అడిగిండ్రు చివర్ల, ఇక్కడ పాత ఊరు ఉండెనా అని. అక్కర్లే. ఇల్లు ఊడ్చిన చెత్త, బూడిద, పేడ అంత పెంటకుప్పల పడ్తది, ఎండకాలం ఆ పెంట బండ్ల మీద చెలకలకు తోల్తరు. చెత్తల పడ్డ మెట్టె, ముక్కుపుల్ల, పొన్ను, పైస అన్నీ పెంటతోని చెలకకు పోతయి. ఇంకా కొన్ని ఊర్లల్ల పాటిగడ్డలు ఉంటయి, పాత ఊరు పాడైన దిబ్బలు, ఆ పాటిమన్ను బలం అని చెలకలల్ల పోసుకుంటరు, దాంతోని ఏ కాలం వస్తువన్న రావొచ్చు. నాగలి దున్నినకొద్ది అది అటు ఇటు జరుగుతది. కాబట్టి ఒకటి దొర్కింది కదా అని కింద బిందె ఉందని జేసీబీ పెట్టకుండ్రి.

ఈ బిందెల పిచ్చి తోని మస్తు నాశనం అయింది మన దిక్కు. గుప్తనిధులని అమాస రాత్రి పాడుబడ్డ గుళ్లల్ల నంది కింద, లింగం కింద తవ్వుడు, నందిని పగలగొట్టుడు, నిమ్మకాయలు, కుంకుమ. ఫోన్ల డిటెక్టర్ యాప్ పెట్టుకొని తిరిగే పోరగాళ్లు వేరే. అరే బాబు, ఆ యాప్ వాడేది ఫోన్ల దిక్సూచి సెన్సారు, దానికి ఇనుము తప్ప బంగారం తెల్వదు, వెండి తెల్వదు. 2024ల సూర్యాపేట దిక్కు ఫణిగిరిల పురావస్తు శాఖోళ్ల తవ్వకంల కుండ నిండ 3,730 నాణేలు బయటపడ్డయి, శాతవాహనుల తర్వాత మన దిక్కు ఏలిన ఇక్ష్వాకుల కాలంవి, ఒకదిక్కు ఏనుగు, ఒకదిక్కు ఉజ్జయిని గుర్తు (కూడిక గుర్తు, నాలుగు కొసలకు నాలుగు సున్నాలు). అన్నీ సీసం. ఆ యాప్ పట్టుకొని ఆ కుండ మీద కూసున్నా చప్పుడు రాదు. నందిని పగలగొడితే వచ్చినయి కావు అవి, పొర పొర మన్ను తీసి, యాడ ఎంత లోతుల ఉందో రాసుకుంట పోతే దొర్కినయి. మనం గడ్డపార పెట్టి పీకితే నాణెం దొర్కుతది గని దాని కథ పోతది.

చట్టం సంగతి గూడ ఒకటి. 1878ల తెల్లోళ్లు చేసిన నిధుల చట్టం ఇంకా నడుస్తుంది, భూమిల దాగి ఉన్న విలువైనది 10 రూపాలకు మించి ఏది దొర్కినా కలెక్టర్‌కు రాసి ఇయ్యాలె, ఏం దొర్కింది, యాడ, ఎప్పుడు అని. 10 రూపాలు అప్పుడు పెద్ద మొత్తం, ఇప్పుడు చాయ్ రాదు. పొన్నుకు, సున్నపుకాయకు దరఖాస్తు రాస్తే ఆఫీసుల నవ్వుతరు కావొచ్చు, గని నాణేల కుప్ప, విగ్రహం, రాగి రేకు మీద రాత ఇసొంటివి వస్తే మాత్రం దాచుకోకుండ్రి, జైలు ఉంది దానికి. కోటల దగ్గర, పాత గుళ్ల దగ్గర డిటెక్టర్ పట్టుకొని తిరుగుడు అసలే వద్దు.

మా బామ్మర్ది డిటెక్టర్ ఇప్పుడు మా కొట్టంల ఉంది, పోయినసారి మా చెల్లె మెట్టె పడిపోతే వెతకనీకి తీసినం, మెట్టె దొర్కలే, ఇంకో రెండు బోల్టులు దొర్కినయి. పొన్ను నానమ్మ మంచం కోడు కింద పెట్టుకున్నది, ఒక కోడు పొట్టిగ ఉండి ఊగుతుండె, సరిపోయింది. కాక మాత్రం వదల్లే. గెట్టు కొలిపియ్యాలె అని సర్వేకు అర్జీ పెట్టుకున్నడు, వచ్చే నెల భూమి కొలిచే గొలుసు పడ్తదట.